దూల్హా బండి కోసం రెండు కరెంటు కార్ల పోటీ

పొద్దున ఏడింటికి చాంద్రాయణగుట్ట చౌరస్తాలో మెహదీపట్నం బస్సెక్కాం, నేనూ సలీం భాయీ. నేను పెళ్లి కార్లకు పూలు అంటించే మనిషిని. ఏడో తరగతిలో లెక్కలు నన్ను వదిలేశాయి, పూలు పట్టుకున్నాయి. సలీం భాయి దూల్హా బండి, అంటే పెళ్లికొడుకుల బండి నడుపుతాడు. మా వైపు సగం మంది మొగుళ్లు అతని వెనక సీట్లో కూర్చుని మొగుళ్లయినవాళ్లే. అతని డీజిల్ బండికి వయసు మీరితే మొన్ననే అమ్మేశాడు. ఇక కొంటే కరెంటు బండే అని పట్టుబట్టాడు. ఏది కొనాలో తేల్చుకోవడానికే ఈ ప్రయాణం.

అడ్డం వచ్చింది హబీబ్ ఉస్తాద్. బరాత్ ఊరేగింపు ముందు మర్ఫా డప్పులు వాయించే జట్టుకు ఆయన పెద్ద. మా పేటల్లో పెళ్లివాళ్లు ముందుగా ఉస్తాద్‌ను మాట్లాడుకుంటారు, దూల్హాకు ఏ బండి పెట్టాలో ఉస్తాద్ చెబుతాడు. ఈ మధ్య ఒక పెళ్లిలో ఎవరిదో కరెంటు బండి ఉన్నట్టుండి ముందుకు దూకి ఆయన జట్టులో ఒకతని పిక్కకు తగిలింది. అప్పటినుంచి కరెంటు బండి పేరెత్తితే ఆయనకు మంట.

"ఇయ్యాల సాయంత్రం కార్వాన్ బరాత్‌కు తీస్కరా. నా కండ్లతోని చూస్త. మంచిగ నడిస్తే నువ్వే. లేకుంటే డీజిల్ బండి ఉన్నోన్ని పిలుచుకుంట. బురా నక్కో మానో, ఏమనుకోకు" అని సలీం భాయికి తేల్చి చెప్పాడు.

అంటే ఈ సాయంత్రం చెడితే సలీం భాయి ఎయిర్‌పోర్టు దగ్గర సవారీల కోసం కాచుకోవాలి. నా పూలు మార్కెట్లోనే వాడిపోవాలి.

బస్సులో పక్క సీటావిడ ఒళ్లో మల్లెల మూట పెట్టుకుని మా మాటలన్నీ వింటోంది. ఆవిడది ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టు. మేం టికెట్టు కొంటుంటే మమ్మల్ని జాలిగా చూసింది.

"కరెంటు బండి సప్పుడు చెయ్యదంట గదా అన్నా. మరి పెండ్లికొడుకు వస్తుండని గల్లీకి ఎట్ల ఎరకైతది?"

"ముందట డప్పులుంటయి అమ్మా" అన్నాడు సలీం భాయి.

"గట్లైతే పెండ్లికొడుకు గూడ సప్పుడు చెయ్యొద్దు. పెండ్లైనంక ఎట్లాగూ చెయ్యడు" అని ఆవిడ మూట సర్దుకుని దిగిపోయింది.

మేమూ గుడిమల్కాపూర్‌లో దిగాం. పూల మార్కెట్‌కు వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కాక బంతిపూలకూ మనకూ ఒకే మొహం. గులాబీలు, చామంతులు తీసుకుని తడి గోనెలో చుట్టాను. మెహదీపట్నంలో కార్లు కిరాయికిచ్చే చోట రెండు బండ్లు తీసుకున్నాం. రెండూ ఎత్తు సీట్లవే, రెండూ కరెంటువే. ఎర్రది సలీం భాయి, తెల్లది నేను. తొమ్మిదిన్నరకు లంగర్‌హౌజ్ దాటి శంకరపల్లి దారి పట్టాం.

ఆ దారిలో ప్లాట్ల వెంచర్లకు కొదవ లేదు. పెద్ద కమాను, వెడల్పు రోడ్లు, ఒక్క ఇల్లూ ఉండదు. అలాంటి ఒకదాని గేటు దగ్గర ఆగితే కాపలాదారు లేచి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

"ప్లాటు చూడనీకి వచ్చిన్రా సార్? తూర్పు మొఖముంది, కార్నర్ బిట్టుంది."

"లేదన్నా. బండ్లు ఉరికిచ్చి చూస్తం."

ఆయన ఖాళీ రోడ్డును చూపించాడు. "ఉరికియ్యుండ్రి. ఈడ రోడ్డు వేసినంక ఏదీ ఉరకలే, ప్లాట్లు గూడ."

ఆయన చేతికే రుమాలు ఇచ్చి జెండా ఊపమన్నాం. వంద కొట్టే ధైర్యం లేక ఎనభై దాకా అనుకున్నాం. రుమాలు పడగానే ఎర్రది గులేరు నుంచి రాయి వదిలినట్టు పోయింది. నేను తెల్లదాన్ని తొక్కి పట్టాను. అది పోయింది కానీ, ముందు ఎవరినో అడిగి పోయినట్టుంది. బండ్లు మార్చుకుని మళ్లీ చూశాం. ఎర్రదాంట్లో నా తల వెనక్కి వెళ్లి సీటుకు అతుక్కుంది. కాలు తీయగానే దానంతట అదే బ్రేకు వేసుకుంది, తల తిరిగి నాకే వచ్చింది. నలభై నుంచి అరవైకి, వంపు తిరిగి లేవడానికి, ఎన్ని విధాల చూసినా ఎర్రదే గెలిచింది.

"క్యా పికప్ హై భాయ్" అన్నాడు సలీం భాయి. అప్పటికి పదిసార్లు అని ఉంటాడు. జీవితమంతా డప్పుల వెనక నడక వేగంలో బండి నడిపిన మనిషి. ఆ పికప్‌తో ఎక్కడికి పోతాడో నేను అడగలేదు. నేనూ అదే మైకంలో ఉన్నాను.

తిరుగు దారిలో బండ్లకు చార్జింగ్ పెట్టి, పక్క హోటల్లో బగారా అన్నం, దాల్చా తిన్నాం. బండ్లకంటే మేమే ముందు నిండాం. నాలుగింటికల్లా కార్వాన్ చేరి ఎర్రదానికి పూలు కట్టాను. బానెట్ మీద గులాబీల చక్రం, అద్దం చుట్టూ చామంతి దండ. చూసినవాళ్లు బాగుందన్నారు. నేను కాదనలేదు.

అసర్ నమాజు అయ్యాక బరాత్ కదిలింది. ముందు ఉస్తాద్, ఆయన జట్టు. వెనక ఎర్ర బండిలో మొహం మీద పూల సెహ్రా కట్టుకున్న దూల్హా. ఆ వెనక తెల్ల బండిలో నేను, దూల్హా మేనత్తలు ముగ్గురు. ఉస్తాద్ వాయిస్తూ అడ్డంగా నడుస్తున్నాడు, ఒక కన్ను డప్పు మీద, ఒక కన్ను బంపరు మీద.

సలీం భాయి కాలు ఆనిస్తే ఎర్రది దూకుతుంది, తీస్తే టక్కున ఆగుతుంది. మధ్యలో ఏమీ లేదు. మొదటి దూకుకు నా గులాబీల చక్రం జారింది. రెండోదానికి దూల్హా సెహ్రా ముందు సీటుకు తగిలి పూలు రాలాయి.

"మా పోరడు పెండ్లికి పోతుండా, ఊయల ఊగుతుండా?" అంది నా వెనక సీట్లో పెద్ద మేనత్త.

మూడోసారి బంపరు ఉస్తాద్ లుంగీ అంచును తాకింది. ఆయన చెయ్యెత్తాడు. డప్పులు ఆగిపోయాయి. గల్లీ మొత్తం సలీం భాయిని చూసింది.

"నాలుగు అడుగులు నడవనీకి రాదా నీ గుర్రానికి?" అన్నాడు ఉస్తాద్.

సలీం భాయి దిగాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది. నేరుగా నా కిటికీ దగ్గరికి వచ్చాడు. "నీదెట్ల నడుస్తుంది?"

అప్పటిదాకా నేనూ గమనించలేదు. "బ్రేకు జర వదిలితే దానంతటదే నడుస్తుంది భాయ్. యాక్సిలేటర్ మీద కాలే పెట్టలే."

అతను ఎర్రదాన్ని చూశాడు, తెల్లదాన్ని చూశాడు. "దూల్హాను దింపు" అన్నాడు.

"అయితే ఆ దూకేది మాకా?" అంది మేనత్త.

"మీ ముందు డప్పులుండవు అమ్మా, ఎంతైనా దూకచ్చు" అన్నాను.

ఆవిడ నా వీపు మీద ఒకటిచ్చి దిగింది. నేను టేపు పీకి, మిగిలిన చామంతి దండ తెల్లదానికి కట్టాను. గులాబీలు మిగల్లేదు. దూల్హా సెహ్రా పక్కకు జరిపి, "అన్నా, ఇయ్యాలనే అయితదా నా నికాహ్?" అని మెల్లగా అడిగాడు.

మేనత్తలతో నేను ఎర్రదాంట్లోకి మారాను. డప్పులు మళ్లీ మొదలయ్యాయి. సలీం భాయి బ్రేకు వదులుతూ పడుతూ దరువుకు బండిని కలిపాడు. ఉస్తాద్ కొంత దూరం అడ్డంగానే నడిచాడు. మూల తిరిగాక ఎప్పుడు తిప్పాడో, బండికి పూర్తిగా వీపు తిప్పి వాయించసాగాడు. ఫంక్షన్ హాలు గేటు దాకా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

పెళ్లి భోజనాలయ్యాక ఎర్రదాన్ని మెహదీపట్నంలో అప్పజెప్పి, తెల్లదాన్ని ఇంకో రోజుకు మాట్లాడుకుని, ముగ్గురం తెల్లదాంట్లో ఇంటిదారి పట్టాం. ఉస్తాద్ ముందు సీట్లో, డప్పు ఒళ్లో. కొనబోయేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. ఖాళీ రోడ్డు మీద ప్రతి బండీ పహిల్వానే. మర్ఫా వెనక నడిపి చూసి కొనండి.

"వచ్చే జుమ్మాకు బార్కస్‌ల పెండ్లి ఉంది. ఇదే తీస్కరా" అన్నాడు ఉస్తాద్.

సలీం భాయి కళ్లు తుడుచుకున్నాడు, దుమ్ము అన్నాడు. అద్దాలన్నీ మూసే ఉన్నాయి.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేసరికి ముందు ఒక్క బండీ లేదు. ఉస్తాద్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"సలీం, దీని పికప్ జర సూపియ్యి. బయట ఎవ్వరికీ చెప్పకు."