టి ఐ ఓ ఎన్‌తో ముగిసే రిపోర్టు

మా పాప మాటల పరీక్ష రిపోర్టు నాలుగు పేజీలు. అందులో టి, ఐ, ఓ, ఎన్ అనే నాలుగు అక్షరాలతో ముగిసే పదాలు పదకొండు ఉన్నాయి. రెండోసారి లెక్కపెట్టినా పదకొండే. ఇవాల్యుయేషన్ అంటే బేరీజు వేయడం. ఆర్టిక్యులేషన్ అంటే శబ్దాలను స్పష్టంగా పలకడం. ఇంటర్వెన్షన్ అంటే మధ్యలో కలగజేసుకోవడం. చివరిది రికమెండేషన్, అంటే సిఫారసు. దాని కింద, పాపను వచ్చే ఏడాది కూడా ఎల్‌కేజీలోనే ఉంచడం మంచిదని రాసి ఉంది.

ఇలా చివరి అక్షరాలు కలిసే పదాలను గుంపులు చేయడం నాకు హాస్టల్లో అబ్బిన అలవాటు. రాయలసీమలో తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లినదాన్ని. మా గదిలో నలుగురం ఉండేవాళ్లం. నలుగురికీ క్యాంపస్ ఇంటర్వ్యూలంటే భయమే. పొడుగు పదాలు విడివిడిగా గుర్తుండవని, తోకలు కలిసేవన్నీ ఒక్కచోట రాసి గోడలకు అంటించుకున్నాం. అద్దం పక్కన బి ఐ ఎల్ ఐ టి వై గుంపు. రెస్పాన్సిబిలిటీ అంటే బాధ్యత, అడాప్టబిలిటీ అంటే ఎక్కడైనా ఇమిడిపోయే గుణం, ఇన్‌కాంప్రహెన్సిబిలిటీ అంటే ఎంతకీ అర్థం కాకపోవడం. స్నానాల గది తలుపు మీద టి ఐ ఓ ఎన్ గుంపు. ప్రోక్రాస్టినేషన్ అంటే పనిని రేపటికి నెట్టడం. బకెట్ పట్టుకుని బయట నిలబడ్డ అమ్మాయి, "లోపలున్నదానికి ప్రోక్రాస్టినేషన్ ఎక్కువైందే, తలుపు కొట్టండి" అనేది.

ఉద్యోగం వచ్చింది. ఆ పదాలు వాడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. భయం మాత్రం నాతోపాటు బెంగళూరు వచ్చేసింది. ఆఫీసు మీటింగుల్లో ఇప్పటికీ అందరూ మాట్లాడాకే నోరు తెరుస్తాను. పాప నాలా కాకూడదని, పాపకు మాటలు రాకముందే నిర్ణయించేసుకున్నాను.

అందుకే స్కూలు అప్లికేషన్‌లో ఆ పని చేశాం. మా ఆయన పెన్ను పట్టుకుని అడిగాడు, "ఇంట్లో మాట్లాడే భాష అని ఉంది. ఏం రాయను?"

"ఇంగ్లీష్ రాయి. మన అపార్ట్‌మెంట్లో అందరూ అదే రాశారంట."

"మనమెప్పుడు మాట్లాడినాం?"

"ఈ రోజు నుంచి పాపతో మాట్లాడదాం."

"నాతో కొట్లాడేది కూడా ఇంగ్లీషులోనేనా? అయితే నాకు హాయి. నీకు మాటలు దొరకవు."

నవ్వుకుంటూనే రాసేశాడు. ఆ రోజు నుంచి పాపతో ఇంగ్లీషే. మా ఇద్దరి దగ్గరా ఉన్నది ఆఫీసు ఇంగ్లీషు. ఇంట్లో పిల్లతో ఆడుకోవడానికి అందులో మాటల్లేవు. కమ్, ఈట్, ఫాస్ట్, డోంట్. వీటితోనే రోజు గడిచిపోయేది. అసలు కబుర్లన్నీ, పాప ముందే, మేమిద్దరం తెలుగులో చెప్పుకునేవాళ్లం.

ఎల్‌కేజీ సగంలో స్కూల్లో కౌన్సెలర్ పిలిచి, పాప క్లాసులో నోరు విప్పడం లేదని, నెలాఖరులోగా స్పీచ్ థెరపిస్టుతో పరీక్ష చేయించి రిపోర్టు తెమ్మని చెప్పింది. యూకేజీకి పంపాలా వద్దా అన్నది దాన్ని బట్టే తేలుతుందట. కాడుగోడిలో ఒక సెంటర్‌కు తీసుకెళ్లాం. అక్కడి ఫారంలోనూ అదే ప్రశ్న ఉంది. స్కూలు వాళ్లు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తారేమోనని, నా చేత్తో నేనే మళ్లీ ఇంగ్లీష్ అని రాశాను. పాపను లోపలికి తీసుకెళ్లి తలుపు వేశారు. ముప్పావుగంట బయట కుర్చీలో కూర్చోలేక నిలబడే ఉన్నాను. వారానికి రిపోర్టు వచ్చింది. ఎక్స్‌ప్రెసివ్ అంటే లోపలున్నది బయటికి చెప్పగలగడం, రిసెప్టివ్ అంటే విన్నది గ్రహించగలగడం. రెండింటి చివరా ఐ వి ఇ. రెండింటిలోనూ నాలుగున్నరేళ్ల పాప రెండున్నరేళ్ల దగ్గరే ఆగిపోయిందట.

రిపోర్టు చేతిలో పట్టుకుని హాలుకీ వంటింటికీ మధ్య తిరుగుతున్నాను. ఫోన్‌లో అవే పదాలు వెతికి, భయపడి మూసేసి, మళ్లీ తెరుస్తున్నాను. బాల్కనీలోంచి పాప గొంతు వినిపించింది. ఆరేసిన బట్టలతో మాట్లాడుతోంది.

"నువ్వు ఇంగా ఆలలేదా? పొద్దుననగా ఏసినాలు నిన్ను. నాన్న ఏమేసుకుని పోతాడు ఆఫీసుకి?"

ర పలకదు, ల అంటుంది. అంతే. మామూలుగా అయితే నేను వెంటనే లోపల్నుంచి "ఇంగ్లీష్, ఇంగ్లీష్" అని కేకేసేదాన్ని. ఎన్నిసార్లు కేకేశానో. ఆ రోజు కేకేయలేదు. గోడకు ఆనుకుని నిలబడి విన్నాను. పాప ఒక చొక్కాతో చెప్పినన్ని మాటలు నాతో ఎప్పుడూ చెప్పలేదు.

మా ఆయనకు ఫోన్ చేశాను. "ఫారంలో అబద్ధం రాసినందుకు పాపకు ఇంగ్లీషులో పరీక్ష పెట్టారు. ఇప్పుడు చెబితే స్కూలు వాళ్లు ఏమంటారో."

"అబద్ధం రాసినారంటారు. రాసినాం కదా" అన్నాడు. "చెప్పేద్దాం."

మర్నాడే కాడుగోడి వెళ్లాం. థెరపిస్టు కేరళ అమ్మాయి, తెలుగు రాదు. నేను చెప్పిందంతా విని పెన్ను కింద పెట్టేసింది. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది. సెంటర్‌లో ఊడ్చి తుడిచే ఆయమ్మను పిలిచింది. ఆమెది తరాల కిందట ఈ ఊళ్లో స్థిరపడిన తెలుగు కుటుంబం. ఈసారి నన్ను కూడా లోపల కూర్చోమన్నారు.

ఆయమ్మ నేల మీద చతికిలబడి ఒక బొమ్మల కార్డు తీసింది. "ఇదేమప్పా, చెప్పు చూద్దాం?"

పాప కార్డు చూడలేదు. నా ముఖం చూసింది. ఏ భాషలో చెబితే నేను తిట్టనో వెతుక్కుంటోంది.

"తెలుగులో చెప్పు తల్లీ" అన్నాను.

"గొడుగు" అంది పాప. నేను తిట్టకపోయేసరికి, "మాకు లెండు ఉన్నాయి. ఒకటి ఇలిగిపోయింది. నాన్న పాలెయ్యడు."

"ఎందుకు పారెయ్యడంట?"

"బాగు చేస్తాడంట. చెయ్యడు."

"మీ నాయన కూడా మా ఇంటాయన మాదిరే ఉండాడు" అని ఆయమ్మ థెరపిస్టు వైపు తిరిగి, కన్నడం ఇంగ్లీషు కలిపి అంతా చెప్పి, చివర్లో నాతో అంది, "ఈ పిల్లకా మాటలు రానిది? నోట్లో సంతే ఉండాది కదప్పా."

గంటసేపు సాగింది. ర తప్ప మిగతావన్నీ వయసుకు తగ్గట్టే ఉన్నాయని, ఇంగ్లీషు అసలు నేర్పలేదు కాబట్టే రాలేదని థెరపిస్టు ఒక ఉత్తరం రాసిచ్చింది. తెలుగులో కొలిచే పరీక్ష తన దగ్గర లేదు కాబట్టి ఇది తన అభిప్రాయం మాత్రమేనని, ఒప్పుకోవడం స్కూలు ఇష్టమని కూడా అందులోనే రాసింది.

ఈ రోజు స్కూలుకు వెళ్లాం. కౌన్సెలర్ ఉత్తరం రెండుసార్లు చదివింది. పాత అప్లికేషన్ తీసి నా ముందు పెట్టి, ఇంగ్లీష్ అన్నది కొట్టేసి సరైనది రాసి సంతకం పెట్టమంది. పెట్టాను. పాపను యూకేజీకి పంపుతారట. అక్కడ చేరిన మూడు నెలలకు మళ్లీ చూస్తారట. అప్పటికీ క్లాసులో నోరు విప్పకపోతే వెనక్కి పంపాల్సి వస్తుందని, మర్యాదగానే చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పాప నోరు మూయలేదు. ట్యాంకల్ లాలీ తోక నుంచి నీళ్లెందుకు పడుతున్నాయి, ఆ కుక్కకు ఇల్లుందా, లోడ్డు ఎందుకు తవ్వినాలు. నేను జవాబులు చెబుతూనే ఉన్నాను. చెబుతూనే, మూడు నెలలు సరిపోతాయా అని, ప్రతి ర దగ్గరా దాని నాలుక ఎటు తిరుగుతోందా అని చూస్తున్నాను. చూడకూడదనుకున్నాను. మా ఇల్లున్న వర్తూరు వచ్చేదాకా చూస్తూనే ఉన్నాను.