డిసెంబర్‌లో పుట్టిన లత

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం ఒకటే, నాకు అక్షరాలు వచ్చేవి కావు. యాభై ఎనిమిదో ఏట కోడలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది.

అది తొంభై అయిదో, ఆరో సంవత్సరం. చంద్రపూర్‌లో ఒక గనుల కాలనీ స్విమ్మింగ్ పూల్‌లో ఆయాగా పనిచేసేదాన్ని. ఆడపిల్లల గది కడగడం, తడి బట్టలు పిండడం, భయపడే పిల్లల కోసం గట్టు మీద నిలబడడం నా పని. అందరూ నన్ను మావుషి, అంటే పిన్ని, అనేవారు.

బాబుపేట్ నుంచి లత అనే పదేళ్ల పిల్ల వచ్చేది. తండ్రి రాజయ్య గని కార్మికుడు. ఆ ఏడు ట్రయల్స్‌లో, అంటే జిల్లా జట్టు ఎంపిక పోటీల్లో, లత ఐదోది. తీసుకునేది నలుగురినే. రాజయ్య సైకిల్ దిగకుండానే అన్నాడు: "మూడేండ్లు చూసిన. ఇగ చాలు బిడ్డా. రేపటి సంది ట్యూషన్‌కు పో."

లత ఏడవలేదు. ఈత టోపీ నా చేతిలో పెట్టి, "మావుషీ, నేను గంత మెల్లగ ఈదుతనా?" అంది.

నాకు రిజిస్టర్ చదవరాదు. కాని పుట్టినరోజు చాక్లెట్ ప్రతి పిల్లా నాకు ఇచ్చేది. గెలిచిన నలుగురిలో ముగ్గురు సంక్రాంతికి తిల్‌గుళ్ అనే నువ్వుల లడ్డూలు పంచే జనవరిలోనే ఇచ్చేవారు. లత మాత్రం డిసెంబర్ చివర్లో. ఏజ్ గ్రూప్ అంటే ఒకే సంవత్సరంలో పుట్టినవాళ్లందరినీ కలిపి ఈదించడమని విన్నాను. అంటే ఆ ముగ్గురూ లత కన్నా దాదాపు ఏడాది పెద్దవాళ్లు.

కోచ్ సారుకు చెప్పాను. "అయితే లచ్చమ్మా, నువ్వు విజిల్ పట్టు, నేను గది కడుగుత," అని నవ్వాడు. ఆ తర్వాత రిజిస్టర్ తీసి నెలలు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"నిజమే. గీ వయసుల పదకొండు నెలలంటే శానా తేడా. నాలుగైదేండ్లు ఆగితే అందరూ సమానమైతరు. రూల్ అయితే నా చేతిల లేదు."

"గప్పటిదాంక పిల్ల ఆగుతదా సారూ?"

ఆయన రిజిస్టర్ మూశాడు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు అక్కడే పనిచేశాను. ఓడిన ప్రతి పిల్లనూ ముందు పుట్టిన నెల అడిగేదాన్ని, వెంటనే కోచ్‌కు చెప్పేదాన్ని. అలా కొందరు ఈత మానకుండా ఆగారు. లతను ఒక్కసారి మళ్లీ నీళ్లలో చూడాలని మాత్రం ఇప్పటికీ ఉంటుంది.

కోచ్ సారుతో మాట్లాడిన మరునాడు పొద్దున, డ్యూటీకి ముందే బాబుపేట్ నడిచాను. రాజయ్య అంతా విన్నాడు. "ఈతకైతే పంపియ్యను అక్కా. గీ మాట దానికి చెప్పు, సంతోషపడ్తది," అన్నాడు.

జడ వేసుకుంటున్న లత పక్కన కూర్చున్నాను. "నువ్వు మెల్లగ ఈదలే బిడ్డా. వాళ్ల కన్న చిన్నదానివి, గంతే."

ఆమె తల ఊపి పుస్తకాల సంచి తగిలించుకుంది. ట్యూషన్ ఉన్న సందు దాకా ఆమెతో నడిచాను.