సోమవారం సాయంత్రం డ్యూటీ

మా ఆయన టీ గ్లాసు చేతిలో పట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాడంటే ఆయనకి ఆసుపత్రి కనిపిస్తోందని అర్థం. ఇక పిలిచినా పలకడు. ఎమర్జెన్సీలో శిక్షణకొచ్చిన జూనియర్ డాక్టర్లు ఎవరు ఏ పూట రావాలో చార్టు రాసే గుమాస్తా ఆయన. మాకు పిల్లల్లేరు. ఆ జూనియర్లనే "పిల్లలు" అనేవాడు. వాళ్లకా సంగతి తెలియను కూడా తెలియదు.

ఒకప్పుడు పొద్దున పదిమంది డాక్టర్లుంటే సాయంత్రం ముగ్గురే. ఎన్నేళ్లనుంచో అంతే. రోగులేమో సాయంత్రం ఐదింటికి ఎగబడేవాళ్లు. సోమవారమైతే మరీను! ఆదివారం నొప్పి ఓర్చుకున్నవాళ్లంతా పని దిగి అప్పుడే వచ్చేవాళ్లు. ఈయన నాలుగు నెలలపాటు హాల్లో బెంచీ మీద కూర్చుని, గంటకెంతమంది వస్తున్నారో గీతలు గీశాడు.

"కళ్లు మూసుకున్నా వస్తూనే ఉంటారే," అనేవాడు. "మెల్లగా, నీళ్లలో నడుస్తున్నట్టు."

పెద్ద డాక్టరు గారు మొదట నవ్వారు. గీతలు చూశాక, నలుగురిని పొద్దుటి పూట నుంచి సాయంత్రానికి మార్చనిచ్చారు. మూడేసి గంటలు పడిగాపులు పడే జనం గంటలోపే డాక్టరు దగ్గరికి వెళ్లసాగారు. సాయంత్రాలు పోయాయని జూనియర్లు మాత్రం సణిగారు.

తీరా ఈయన రిటైరవుతుంటే వీడ్కోలు సభ సోమవారం ఐదింటికే పెట్టారు. ఏ మహానుభావుడి ఆలోచనో!

"పిల్లలందరూ ఒక్కసారి వచ్చి కనిపిస్తే చాలే," అన్నాడు దిగులుగా.

పొద్దుటివాళ్లకి ఆ వేళ క్లాసు, రాత్రివాళ్లకి నిద్ర. ఇక రాగలిగింది సాయంత్రంవాళ్లు ఏడుగురే, అదీ డ్యూటీ లేకపోతే. ఆ వారం చార్టు కూడా ఈయన చేతిలోదే కదా, నేనూరుకుంటానా?

"నలుగురిని తగ్గించి రాయండి. ఒక్కరోజుకి కొంపలేం మునగవు."

రెండు రోజులు పెన్సిల్ పట్టుకుని గోడకేసి చూశాడు. మూడోరోజు ఏడుగురికీ డ్యూటీ వేసి సంతకం పెట్టేశాడు.

"మీతో వేగలేను బాబూ!" అన్నాను.

సభలో సగం కుర్చీలు ఖాళీ. పెద్ద డాక్టరు గారు మాట్లాడుతున్నంతసేపూ ఈయన తలుపువైపే చూశాడు. ఒక్క జూనియరూ రాలేదు.

"ఒక్కరికైనా కాలు కదల్లేదా?" అన్నాను ఒళ్లు మండి. ఆయన కళ్లలో నీళ్లు చూసి, ఇక పదండంటూ లేచాను.

బయటికి దారి ఎమర్జెన్సీ మీదుగానే. సాయంత్రపు ఎండ గాజు తలుపుల్లోంచి నేలంతా పరుచుకుని ఉంది. ఆ వెలుగులోంచి మనుషులు ఒకరి వెనక ఒకరు, చప్పుడు లేకుండా లోపలికి వస్తున్నారు. బెంచీలు నిండినా ఎవరూ అరవడం లేదు. ఆయన నిలబడిపోయి, పెదాలు కదుపుతూ డాక్టర్లను లెక్కపెట్టాడు. ఆరుగురు ఆరు మంచాల దగ్గరున్నారు. ఏడో డాక్టరు కోసం అటూ ఇటూ వెతుక్కుంటున్నాడు.

"అంకుల్, అడ్డు లేవండి! పక్కకి, పక్కకి!"

వెనకనుంచి మెడలో స్టెతస్కోపుతో ఒకమ్మాయి స్ట్రెచర్ తోసుకుంటూ వచ్చింది. అడ్డంగా ఉన్నదెవరో కూడా చూడలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని చటుక్కున గోడకి ఆనుకుపోయాడు. ఆమె వెనక్కి తిరక్కుండా లోపలికి వెళ్లిపోయింది.

"చూశావా, ఒక్క క్షణం కూడా ఆగలేదు!" అన్నాడు. అంత గర్వంగా ఆయన మాట్లాడగా నేనెన్నడూ వినలేదు.