కాశీలో విడిచిన పండు

బల్మూరులో నేరేడు పండు ఏరడంలో కుర్మయ్యను మించినవాడు లేడు. ఆ మాట అందరికంటే ముందు చెప్పేదీ కుర్మయ్యే. మృగశిరలో రెండు వానలు పడగానే, బావిగడ్డన తాను నాటిన చెట్టు కింద పాత దుప్పటి పరిచి కొమ్మ ఊపుతాడు. రాలిన ప్రతి పండునూ బొటనవేలితో తడుముతాడు. తొడిమ దగ్గర ఎరుపు మిగిలితే పక్కకు, నిగనిగలాడితే మోదుగాకులు పరిచిన గంపలోకి. తడి తగిలితే రేపటికి పాడవుతాయని, తినేముందు తప్ప ఎవరినీ కడగనివ్వడు. ఇంత చేసీ తాను ఒక్కటి నోట పెట్టడు. కొన్నేళ్ల కిందట కాశీకి పోయాడు. అక్కడ ఒక పండు విడవాలి గనుక, తనకు గిట్టని వెలగపండు విడిచి వద్దామనే బయల్దేరాడు. తీరా గంగలో నిలబడ్డాక, తోటివాళ్లు చూస్తున్నారని గొప్పకు పోయి “నేరేడు” అని గట్టిగా అనేశాడు. “నా నోరే నా నోటికాడి పండు గుంజుకున్నది” అని తనమీద తానే నవ్వుకుంటాడు.

మొన్న గంప నిండాక, భార్య ఈరమ్మ ఉప్పు తెచ్చేసరికి అతను చెట్టు చాటున రసమంటిన బొటనవేలు చీకుతున్నాడు.

“ఏందయ్యా, గంగల ఇడిసొచ్చినవ్ గద!”

కుర్మయ్య వేలు చప్పున వెనక దాచుకున్నాడు గానీ, మాట్లాడబోతే నాలుక నీలంగా బయటపడింది.

“పండు ఇడిసిన. ఏలు ఇడుస్తనని గంగమ్మకు చెప్పలే.”

ఈరమ్మ ఉప్పు గిన్నె ముందుకు జరిపింది.

“గట్లయితే ఏలుకు జర ఉప్పద్దుకో.”