కౌన్సెలింగ్ అని కొడితే

పెనుకొండలో నేను పాఠాలు చెప్పే బడి వదిలాక బస్సెక్కి, హిందూపురంలో నేను ఎం.ఎడ్. చదివే కాలేజీ లైబ్రరీకి చేరేసరికి కళ్లు మూతలు పడుతుండేవి. ధర్మవరం మగ్గాల ఇళ్ల పిల్లలకు బడిలో కౌన్సెలింగ్ ఎలా అందుతోందన్నది నా పరిశోధన. ఒక రోజు కంప్యూటర్‌లో ‘కౌన్సెలింగ్’ అని కొట్టాను. ఇంజనీరింగ్ సీట్ల తేదీలు, టీచర్ల బదిలీల జాబితాలు వచ్చాయి. ఎన్ని పేజీలు తిప్పినా అవే. విసుగొచ్చి మౌస్‌ను పక్కకు నెట్టేశాను.

లైబ్రేరియన్ పెద్దాయన నా వెనక నిలబడి చూస్తున్నాడు.

“ఏమప్పా, నీకు సీటు కావల్లా, బదిలీ కావల్లా? ఈడ కౌన్సెలింగంటే ఆ రెండే కదా. పిల్లోళ్లను కూచోబెట్టుకుని వాళ్ల బాధ ఇనేదాన్ని మీ బళ్లో ఏమంటారో, ఆ మాట కొట్టి చూడు.”

వేళ్లు కీబోర్డు మీద పెట్టి ఆలోచించాను. పిల్లల్ని స్టాఫ్‌రూముకు పిలిపించేవాళ్లం. తిట్టేవాళ్లం, గోడ పక్కన నిలబెట్టేవాళ్లం, నాయనను పిలుచుకు రమ్మని పంపేసేవాళ్లం. వాటన్నిటికీ మాటలున్నాయి. ఆయన అడిగినదానికి మాత్రం, పదేళ్లుగా పాఠాలు చెబుతున్న నా దగ్గర ఒక్క మాటా లేదు.