బావ బండి జెట్టు

ఆ బండి మీది గోనెపట్ట తీసిననాడే, "ఇనుప సామానోనికి ఏసెయ్యరాదు, పీడ పోతది" అని మా ఆయన మొగం మీదనే అన్న. ఇంటే గదా! "అన్న బండి గదనే, పారేస్తమా?" అనుకుంట తుడుసుడు మొదలువెట్టిండు.

అన్నంటే మా బావ. మా పెండ్లి గాకముందే పోయిండు. మిలిటరీ వేలంల కొన్న ఆ పాత ఇంగ్లండు మోటర్‌సైకిల్ మీద బార్కస్ దాటి పోతుంటే, ఉన్నట్టుండి ఇంజన్ పట్టేసింది. ఎన్క చక్రం తిరుగుడు బందైంది. బండి అడ్డంబడ్డది, మనిషి మళ్ల లేవలే. ఎదురుంగ లారీ రాలే, రోడ్డుకు గుంత లేకుండె. బస్తీ అంత ఒక్కటే మాటన్నది: స్పీడు. మా అత్త అయితే పెద్దకొడుకు యాదికొచ్చినప్పుడల్లా తిట్టుకుంటనే ఏడుస్తుండె. "స్పీడు పోకురా అంటే ఇన్నడా? నాకు కడుపుకోత పెట్టిండు" అనేది.

గసొంటి బండిని మళ్ల లేపుతనంటే ఏ పెండ్లాం ఊకుంటది? మస్తు లొల్లి చేసిన. రెండుపూటలు మాట్లాడలే. మా ఆయనకు దున్నపోతు మీద వాన పడ్డట్టే. కార్ఖానల వెల్డింగ్ పని చేసి ఇంటికొచ్చుడు, చాయ్ తాగుడు, వాకిట్ల బండి ముంగట కూసునుడు. పిస్టన్ కొత్తది ఏసిండు, చైన్ ఏసిండు. ఆఖరికి కార్బరేటర్ కాడ ఆగిండు.

కార్బరేటర్ల జెట్టు అని ఒకటి ఉంటది. చిటికెనవేలి గోరంత ఇత్తడి ముక్క. నడుమ సన్న బొక్క. ఆ బొక్క ఎంతుంటే ఇంజన్‌కు అంత పెట్రోలు పోతది. ఎంత బొక్కనో మీద నంబరు కొట్టి ఉంటది. బండిల ఉన్నది మట్టి పట్టి కనబడకపోతే, మా ఆయన జుమేరాత్ బజార్ల పాత సామాన్లు అమ్మేటోళ్ల కాడికెళ్లి జెట్లన్ని ఏరుకొచ్చి, నేను బియ్యం చెరిగే చాటల పోసిండు. నా ఒళ్లు మండింది. "ఇగ అన్నంల గూడ ఇవే ఏసుకొని తిను" అన్న. ఆయన నవ్వి, ఒక్కొక్కటి ఎండకు పెట్టి చూసుకుంట కూసున్నడు. కొన్నిటికి నంబరు అరిగిపోయింది. కొన్నిటి మర ఎక్కది. నంబరు కలిసింది మాత్రం ఒక్కటి గూడ లేదు.

ఆఖరికి బావ కార్బరేటర్లనే మట్టి పట్టి ఇరుక్కున్న జెట్టును తీసి కడిగితే, నంబరు తేటగ కనబడ్డది. యాకుత్‌పురాల బండ్లు బాగుచేసే ఉస్తాద్ చెప్పిన నంబరే. మా ఆయన ఎగిరి గంతేసినంత పని చేసిండు. "నేనెక్కడెక్కడనో తిరుగుతున్న, ఇది ఇంట్లనే ఉన్నదే!" అన్నడు. అరుగు మీద స్టవ్ బాగుచేస్తున్న మా మామ తల లేపి చూసి, మళ్ల పనిల పడ్డడు.

మామది ఛత్రినాకల పంపు స్టవ్‌ల రిపేరు డబ్బా. గ్యాసునూనె, అదే కిరసనాయిలు కోసం ఆడోళ్లు లైన్ల నిలబడి కొట్లాడుకునే కాలమది. నూనె మస్తు తాగుతున్నదని ఎవరన్న స్టవ్ తెస్తే, మామ నూనె చిమ్మే దాని నిప్పిల్‌ను సన్న పంచ్ పెట్టి కొట్టి, బొక్క ముడిసి, సూదితోని మళ్ల తెరిచేటోడు. చేసినట్టే తెలుస్తుండకపోయేది, గంత సాఫ్ పని. మంట నీలంగ వస్తుండె, నూనె మిగులుతుండె. బస్తీల ఆడోళ్లందరు మామ చెయ్యి మంచిదనేటోళ్లు.

జెట్టు ఏసినంక మా ఆయన గల్లీల నడిపి చూసిండు. మంచిగనే నడిచింది. జెర దూరం పెద్దరోడ్డు మీదికి పోయొచ్చి ప్లగ్గు ఇప్పితే మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగున్నది. ఇంజన్ కాలుతున్నది, పక్కపొంటి నిలబడితేనే మొగానికి సెగ కొడుతున్నది. ఆయన మొగం మాడిపోయింది. తెల్లారి ఉస్తాద్‌ను ఇంటికే పిలుసుకొచ్చిండు.

ఉస్తాద్ అరుగు మీద కూసొని, చాయ్ సల్లారబెట్టి, జెట్టును ఎండకు పెట్టి అటిటు తిప్పి చూసిండు. "నంబర్ సహీ హై, కరెక్టే ఉన్నది. ఎవరన్న కొట్టి సన్నం చేసిండ్రా భాయ్? పెట్రోల్ రేటు పిరమైనంక శానమంది చేయించుకున్నరు" అని అడిగిండు.

"అన్న చస్తే చేయించడు" అన్నడు మా ఆయన. "బండికి గీత పడితేనే అన్నం తినకపోతుండె."

"మంచిది. అట్ల చేస్తే గల్లీల ఏం గాదు. పెద్దరోడ్డెక్కి యాక్సిలేటర్ పూర తిప్పినప్పుడే తెలుస్తది. పెట్రోల్ తక్కువై పిస్టన్ కాలి పట్టుకుంటది. చక్రం లాక్. ఇగ మనిషి ఏం జేస్తడు?"

మామ చేతిల పంచ్ ఆగింది. "అదేంది ఉస్తాద్, స్టవ్ నిప్పిల్ సన్నగ చేస్తే మంట మంచిగనే వస్తది గదా?" అని అడిగిండు.

"స్టవ్ అలగ్, ఇంజన్ అలగ్, రెండు ఒకటి గాదు చాచా. ఇంజన్‌ను సల్లగ ఉంచేది గూడ పెట్రోలే."

మామ స్టవ్ ఇప్పింది ఇప్పినట్టే ఇడిసిపెట్టి లోపలికి పోయిండు. ఉస్తాద్ ఎక్కడ గాలి గుంజుతున్నదో ఎతికి, ఏం దొరకక, పెట్రోలు జెర ఎక్కువ పోయేటట్టు కార్బరేటర్ సూదిని ఒక మెట్టు మీదికి లేపిండు. "బార్కస్ దాటినంక రోడ్డు ఖాళీగ ఉంటది. పూర తిప్పి నడుపు. అక్కడనే ఆపి ప్లగ్గు చూడు. ఫికర్ మత్ కరో, ఏం గాదు" అని చెప్పి పోయిండు.

ఏ రోడ్డు మీద చెప్పిండో ఇన్నరా? బావ పోయిన రోడ్డే.

ఆనాటి సంది మామ తీరే మారింది. పళ్లెంల అన్నం కలిపి అట్లనే చూసుకుంట కూసుంటడు. మా ఆయన బండి తీస్తనంటే అమావాస్య పోనియ్యమన్నడు. అమావాస్య పోతే ఒంట్ల మంచిగలేదన్నడు. ఒకనాడు బండిల ప్లగ్గు మాయమైంది. మా ఆయన ఇల్లంత ఎతికి, గల్లీ పోరగాండ్లను తిట్టి, కొత్తది కొనుక్కొచ్చిండు. నేను ఇంట్ల స్టవ్‌కు పిన్ను కావాలని మామ డబ్బిల చెయ్యి పెడితే, నిప్పిళ్ల నడుమ ఆ ప్లగ్గు దొరికింది.

 నేరుగ పోయి అడిగిన. "మామా, ఆ జెట్టుకు నువ్వేమన్న చేసినవా?"

కోడలిగ వచ్చిన సంది నన్ను ఒక్క మాట అనని మనిషి, "నీకెందుకే? నోరు మూసుకొని పని చూసుకో" అని ఇంతెత్తున లేసిండు. అంత గట్టిగ అరిచినోడు, నా దిక్కు మాత్రం చూడలే.

మా ఆయనకు చెప్పిన. "నీకు దండం పెడత, ఆ జెట్టు మార్చు. మీ బాపు ఏదో దాస్తున్నడు" అన్న. ఆయనకు కోపమొచ్చింది. "నంబరు చూసినవా నువ్వు? ఉస్తాద్ చూసిండు, నేను చూసిన. బాపుకు అన్న పోయిన భయం, నీకు ఊకె భయం" అని అటు తిరిగి పండుకున్నడు. భయం కాకపోతే ఏముంటది నాకు? మొగుడు పోయి గదే రోడ్డు మీద పడితే నేనెవరికి చెప్పుకోవాలె?

ఐతారం పొద్దుగాల బండి గల్లీలకు తీసిండు. అత్త నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టబోతున్నది. ఒక్క కిక్కుకే బండి అందుకున్నది. నేను గడపల నిలబడి మొక్కని దేవుడు లేడు. గప్పుడు మామ ఉత్తకాళ్లతోని వచ్చి హ్యాండిల్ పట్టుకున్నడు.

"ఇడువు బాపూ, ఎండెక్కుతది."

"ఆ జెట్టు తియ్యి."

"మళ్ల మొదలువెట్టినవా? నంబరు కరెక్టున్నదని ఎన్నిసార్లు చెప్పాలె?"

"నంబరు కరెక్టే బిడ్డా. బొక్కనే కరెక్టు గాదు. నేను కొట్టి సన్నం చేసిన."

బండి చప్పుడుకు మా ఆయనకు ఇనబడలేదేమో అనుకున్న. ఇనబడ్డది. ఇంజన్ బంద్ చేసిండు.

"ఎప్పుడు?"

"పెట్రోల్ పిరమైనప్పుడు. పెద్దోడు పండుకొని ఉండె. స్టవ్‌లకు చేసినట్టే చేసిన. చెప్తే వద్దంటడని చెప్పలే."

"అన్నకు తెల్వనే తెల్వదా?"

"తెల్వది. బండి తక్కువ తాగుతున్నదని కనబడ్డోనికల్లా చెప్పుకున్నడు. నాకు గూడ చెప్పిండు. నవ్వుకుంట చెప్పిండు బిడ్డా. నేను గూడ నవ్విన."

మా ఆయన బండి దిగి, రోడ్డు మీదనే మోకాళ్ల మీద కూసొని జెట్టు ఇప్ప మొదలువెట్టిండు. పానా రెండుసార్లు జారింది. తీసినంక జెట్టును చూడను గూడ చూడలే, పిడికిట్ల పట్టుకొని తల కిందికేసుకున్నడు. నా మొగుడు బతికిండన్న సంబురమైతే ఉన్నది. ఎదురుంగ మామ నిలబడి ఉంటే ఎట్ల సంబురపడాలె?

అత్త గల్లీ ఎగిరిపోయేటట్టు ఏడుస్తదనుకున్న, రొమ్ము బాదుకుంటదనుకున్న. ఆమె మామను ఒక్క మాటనలే. గోడ పట్టుకొని మెల్లగ కూలబడ్డది.

"ఉత్తపుణ్యానికి తిట్టిన గదయ్యా నా కొడుకును" అన్నది. "సచ్చినోణ్ని పట్టుకొని, ఇన్నొద్దులు, ఉత్తపుణ్యానికి తిట్టిన."