దీపావళి నాటి ముల్లు

న్యూజిలాండ్‌లో టౌరంగా ఊరికి వెళ్లే బస్సులో నేను ఎవరో పెద్దాయన కరెంటు మీటరు పగలగొట్టానని మా ఆయన ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుంటారు. అబద్ధం. ఆ మీటరుకేమీ కాలేదు. చేయాల్సిన పనే చేసింది.

పక్క సీట్లో కూర్చున్నాయన ఫిజీ నుంచి వచ్చి స్థిరపడిన తెలుగాయన. ఒళ్లో పాత మీటరు. కరెంటువాళ్లు తమ బేకరీకి కొత్తది బిగించి దీన్ని తీసేశారట. కరెంటు వాడకం ఎంత పైకి వెళితే అంతదాకా ఒక ముల్లు వెళ్లి, వాడకం తగ్గినా అక్కడే నిలిచిపోతుందన్నారు.

“ఊరికే ఎలా నిలుస్తుంది అంకుల్? ఈ బస్సు కుదుపులకి జారిపోదూ?”

“జారదమ్మా, బిగువుగా ఉంటది. మా ఇంటావిడ...”

నేను వింటేగా! “మరి ఈ నాబ్ ఎందుకు?” అంటూ తిప్పేశాను. ముల్లు సున్నాకి వచ్చేసింది.

అప్పుడు చెప్పారాయన. పోయిన దీపావళికి ఆవిడ ఓవెన్లన్నీ ఒకేసారి వేసిందట. ఆ వారంలోనే పోయింది. బేకరీ మళ్లీ తెరవలేదు, ముల్లునీ ఎవరూ దించలేదు.

కంగారుగా నాబ్ వెనక్కి తిప్పాను. ముల్లు సున్నా దగ్గర్నుంచి కదల్లేదు.

“అది దించడానికేనమ్మా. ఎక్కించేది కరెంటే,” అని చొక్కా చేతితో అద్దం తుడిచారు. “చూశావా, ఎంత నున్నగా తిరిగిందో!”

నెలనెలా మీటర్లు చూసేవాళ్లు ముల్లు దించేముందు అంకె రాసుకుంటారని తర్వాత తెలిసింది. దారంతా వాదించిన నేను, దిగేటప్పుడు ఆయన్ని ఏమీ అడగలేకపోయాను. ఆ అంకె ఆయన ఎక్కడైనా రాసిపెట్టుకున్నారా?